మన గల్లాపెట్టెకు ఎన్ని చిల్లులు?

(ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చిలకానగర్ బస్తీల్లో చిన్న దుకాణాలు, బండ్లు, వర్క్‌షాపులు నడుపుకునే దళితులూ, ఊళ్ల నుంచి వచ్చిన కార్యకర్తలూ కలిసి కూర్చున్న సమావేశంలో మేము చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఈ మీటింగు కరపత్రం పంచుతుంటే మనవాడే ఒక సోదరుడు మమ్మల్ని నిలదీశాడు. "కారంచేడు, చుండూరు అని మాట్లాడిన నోళ్లతో ఇప్పుడు కరెంటు బిల్లు, గ్యాసు బండ అంటున్రా? ఉద్యమం బంద్ పెట్టి దుకాణం తెరిచిన్రా?" అన్నాడు. కోపంతోనే అన్నాడు గానీ అడగవలసిన ప్రశ్నే అడిగాడు. 1991లో చుండూరులో నెత్తురు పారకముందు జరిగిందేమిటి? సాంఘిక బహిష్కరణ. పనికి పిలవొద్దు, సరుకు అమ్మొద్దు అన్నారు. వెలి వేసినప్పుడు మొదట మూసుకునేది దుకాణం తలుపే. మనకంటూ నాలుగు దుకాణాలు, నాలుగు మిషన్లు నిలబడి ఉంటే వెలి పదును కొంతైనా మొద్దుబారుతుంది. అందుకే ఈ కరెంటు బిల్లు మాట.

ఇంకో సంగతి. బాబాసాహెబ్ కొలంబియా చదువు చదివి బొంబాయి వచ్చాక, వాటాల వ్యాపారం చేసేవాళ్లకు సలహాలిచ్చే ఒక చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. అంటరానివాడని తెలిసేసరికి గిరాకీ రావడం మానేసింది. మూతపడింది. అంత చదువున్నవాడికే అట్లయితే, ఉప్పల్ రింగురోడ్డు మీద ఇడ్లీ బండి పెట్టిన మన అక్క సంగతేమిటో మీరే ఊహించుకోండి. ఆయనే 1918లో చిన్న కమతాల గురించి ఒక వ్యాసం రాశాడు. భూమి చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదు, దాని మీద పెట్టే పనిముట్లు, పెట్టుబడి ఎంత అన్నదాన్ని బట్టి తేలుతుంది అన్నది అందులోని వాదన. మా వర్క్‌షాపుల విషయంలో ఇదే నిజమని మాకు తెలిసొచ్చింది. మన షెడ్డు చిన్నదని కాదు బాధ. అందులోకి వచ్చే రూపాయి నిలవకుండా కారిపోతోంది.

ఎక్కడ కారిపోతోందో చూద్దామని మేము కొన్ని దుకాణాల లెక్కలు రాయించాం. మొదట ఎవరి దగ్గరా లెక్కే లేదు. "లెక్కేందన్నా, పొద్దుగూకి గల్లాలో ఎంతుంటే అంతే" అన్నారు. ఇంటి ఖర్చు, దుకాణం ఖర్చు ఒకే జేబులోంచి. పిల్ల ఫీజు కట్టిననాడు దుకాణం నష్టంలో ఉన్నట్టు, కట్టనినాడు లాభంలో ఉన్నట్టు. ఒక రెండు రూపాయల నోటుబుక్కు కొని, ఎడమ పక్క వచ్చింది, కుడి పక్క పోయింది రాయమన్నాం. రాయరానివాళ్లకు పిల్లలు రాశారు. నెల తిరిగేసరికి కొందరికి కళ్లు తిరిగినయ్. ఎందుకో చెప్తాం.

ఖర్చు తగ్గించాలంటే ముందుగా ఏం తగ్గిస్తారు అని అడిగితే, సిగ్గుపడి చెప్పవలసిన మాటే గానీ చెప్తాం, మనవాళ్లలో చాలామంది "కూలి" అన్నారు. ఒక పిల్లగాడిని తీసేస్త, ఇద్దరి పని ఒక్కడితో చేయిస్త అన్నారు. ఆ పిల్లగాడు ఎవడు? ఈ మీటింగుకు వచ్చిన మీ ఊళ్లవాడే. దొర దగ్గర జీతం ఉండలేక పట్నం వచ్చినవాడు. వాడి కడుపు కోసి మన గల్లా నింపుకుంటే, దొరకీ మనకీ తేడా బోర్డు మీద పేరొక్కటే.

మా వాళ్లలోనే ఒకరి షెడ్డు సంగతి. పవర్ ప్రెస్సుకు రక్షణగా ఉండే జాలీ తీసేశారు, పని జోరుగా సాగుతుందని. ఒకనాడు పిల్లగాడి రెండు వేళ్లు పోయినయ్. షెడ్డులో పని చేసేది పన్నెండు మంది, రిజిస్టర్‌లో ఉన్నది ఆరుగురు. ఈఎస్‌ఐ కడితే ఖర్చని అట్లా చూపించారు. నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి ముందు నుంచే ఆటోలో ఆ పిల్లవాణ్ణి ప్రైవేటు ఆసుపత్రికి మోసుకుపోయారు. ఆ బిల్లు కట్టడానికి షాపు యజమాని భార్య పుస్తెలతాడు కుదువబెట్టారు. పదిమందీ లేక అంతకుమించి పనిచేసే చోట ఈఎస్‌ఐ తప్పదు. 2019 జూలై నుంచి యజమాని వాటా జీతంలో నూటికి 3.25, పనివాడి వాటా 0.75. 12,000 జీతానికి యజమాని కట్టేది నెలకు 390 రూపాయలు. ఆ 390 మిగిలిందనుకున్నవాడికి ఎంత పోయిందో చూడండి. ఈ ఈఎస్‌ఐ కూడా ఎవరో దయతో ఇచ్చింది కాదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన కాలంలోనే 1944లో అదార్కర్ నివేదిక వచ్చింది, దాని మీదే 1948 చట్టం వచ్చింది. కాబట్టి మా లెక్కలో కూలికి, వేళ్లకు, పిల్లల బడికి కోత లేదు. అది పక్కన పెట్టి మిగతాది మాట్లాడుకుందాం.

నోటుబుక్కుల్లో కనిపించిన పెద్ద చిల్లి గిరిగిరి. ఫైనాన్స్ వాడు కాగితం మీద 10,000 రాస్తాడు, చేతికి 8,500 ఇస్తాడు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "1,500 ఏ గదన్నా, పదివేలకు" అంటారు మనవాళ్లు. పదివేలు ఎప్పుడున్నయ్ నీ దగ్గర? తొలిరోజు 8,500 ఉన్నయ్, మర్నాటి నుంచే తిరిగి కడుతున్నావు. మొత్తం మీద సగటున నీ చేతిలో ఉన్నది నాలుగు వేల చిల్లర. దాని మీద 100 రోజులకు 1,500. అంటే నూటికి నెలకు పది రూపాయల పైనే మిత్తి. ఏడాదికి నూటికి 120 దాటుతుంది. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపినప్పుడు ఒక పండ్ల బండి అక్క "నేను జామకాయలు అమ్ముతలేను, వాని పైసలు అమ్ముతున్న" అన్నది. అంతకన్న బాగా మేము చెప్పలేం.

బ్యాంకు వాళ్లు మనల్ని గుమ్మం ఎక్కనిస్తే గిరిగిరి వాడి దగ్గరికి ఎందుకు పోతాం, అది నిజమే. పూచీకత్తు లేదు, పట్టా లేదు. అయినా దారులు కొన్ని ఉన్నయ్. వీధి వ్యాపారులకు 2020 జూన్‌లో పీఎం స్వనిధి వచ్చింది. మొదట 10,000 ఇచ్చేవాళ్లు, 2025లో దాన్ని మార్చి మొదటి విడత 15,000, అది తీర్చితే 25,000, ఆ తర్వాత 50,000 చేశారు. పూచీకత్తు అడగరు. సమయానికి కడితే మిత్తిలో 7 శాతం వెనక్కి మీ ఖాతాలో వేస్తారు. మన బండ్లవాళ్లలో సగంమందికి ఇది తెలియదు, తెలిసినవాళ్లలో కొందరు మధ్యవర్తికి కమీషన్ ఇచ్చి తెచ్చుకున్నారు. రెండో దారి మన చేతిలోనిది. రోజుకు 100 గిరిగిరికి కట్టగలిగిన చెయ్యి రోజుకు 85 దాచితే 100 రోజులకు 8,500 అవుతుంది. అప్పుగా వాడిచ్చిన మొత్తం అంతే కదా! ఒక్కడు దాచలేడు, ఇంట్లో రోగం, చుట్టం, పండుగ ఉంటయ్. పదిమంది ఒకచోట దాచితే నిలబడుతుంది. చిలకానగర్‌లో మన ఆడవాళ్లు అట్ల మొదలుపెట్టి, ముందుగా ఎవరి బాకీ ఎక్కువ మిత్తిదో వాళ్లది తెంపేశారు.

ఇక కరెంటు. ఇక్కడ మేము ఎక్కువసేపు ఆగుతాం, ఏమనుకోకండి. ఎందుకంటే ఇది ఎవరి దయా అక్కర్లేకుండా ఒక్క దరఖాస్తుతో తగ్గే ఖర్చు. మీ బిల్లు మీద కేటగిరీ అని ఒక గడి ఉంటుంది. ఇల్లు ఒకటో కేటగిరీ, దుకాణం రెండు, పరిశ్రమ మూడు, కుటీర పరిశ్రమ నాలుగు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన రేట్లు చూడండి. దుకాణానికి, నెలకు 50 యూనిట్లు దాటితే, మొదటి 100 యూనిట్లకు యూనిట్ 8.50, ఆ తర్వాత 300 దాకా 9.90. చిన్న పరిశ్రమకు 7.70. కుటీర పరిశ్రమకు 4 రూపాయలు. ఆ నాలుగో కేటగిరీలో ఎవరు వస్తారో టారిఫ్‌లో పేర్లు పెట్టి రాశారు. కమ్మరి పని, వడ్రంగం, కుండలు, అగరుబత్తీలు, కొవ్వొత్తులు, అప్పడాలు, పచ్చళ్లు, అడ్డాకు విస్తర్లు. మోచి పని, తోలు చెప్పుల తయారీ కూడా అందులో ఉన్నయ్. మొత్తం లోడు 10 హార్స్‌పవర్ దాటకూడదు, ఇది నిజంగా కుటీర పరిశ్రమే అని కరెంటాఫీసు డివిజనల్ ఇంజనీరు ధ్రువీకరించాలి.

చెప్పులు కుట్టే మన అన్నకు రెండో కేటగిరీ మీటరు ఉంది. నెలకు 200 యూనిట్లు కాలుతాయనుకోండి. దుకాణం రేటుతో 850, 990 కలిపి 1,840. కుటీర పరిశ్రమ రేటుతో 800. నెలకు 1,040 తేడా, ఏడాదికి 12,480. తాత చేసిన పనే చేస్తూ, ఆ పని పేరు టారిఫ్ పుస్తకంలో అచ్చయి ఉండి కూడా, ఏళ్ల తరబడి షోరూం వాడు కట్టే రేటు కట్టాం! అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. 2021లో మంగలి షాపులకు, చాకలి వృత్తివాళ్లకు నెలకు 250 యూనిట్లు ఉచితం అన్నారు. వాళ్లకిచ్చినందుకు మాకేం బాధ లేదు, ఇవ్వవలసిందే. తోలు పని గుర్తుకు రాలేదే అన్నదే మా బాధ. అప్పడాలు, పచ్చళ్లు చేసే అక్కలు కూడా ఈ గడి చూసుకోండి. దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తిప్పి పంపితే కరెంటు వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం ఉంది, వకీలు అక్కర్లేదు.

బిల్లులో ఇంకో గడి కాంట్రాక్టు లోడు. ఎప్పుడో పెద్ద మోటరు ఉన్నప్పుడు రాయించుకున్న లోడు, ఆ మోటరు అమ్మేసినా అట్లనే ఉంటుంది. కిలోవాట్‌కు ఇంతని ఫిక్స్‌డ్ చార్జీ మిషన్ తిరిగినా తిరగకపోయినా పడుతుంది. తగ్గించమని రాసివ్వండి. కిరాయి షెడ్డు అయితే సబ్‌మీటరు రీడింగు మీరూ రాసుకోండి, యూనిట్‌కు ఓనరు ఎంత లాగుతున్నాడో అసలు బిల్లుతో పోల్చండి.

లేత్, గ్రైండింగు, పెయింటు షెడ్లున్న నాచారం తమ్ముళ్లకు ఒక పరీక్ష. మధ్యాహ్నం అన్నాల వేళ మిషన్లన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే ఆన్ చేసి ఉంచండి. ఎవరూ గాలి వాడకపోయినా అది ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్టయిందంటే పైపులో ఎక్కడో గాలి పోతోంది. సబ్బునీళ్లు రాసి చూడండి, బుడగలొచ్చిన చోట క్లిప్పు బిగించండి. సరిగా చూసుకోని చోట్ల కంప్రెసర్ గాలిలో ఐదో వంతు, ఒక్కోసారి మూడో వంతు ఇట్ల పోతుంది. పని 6 బార్‌తో సాగుతుంటే 8 బార్ ఎందుకు? ఒక్క బార్ తగ్గిస్తే కరెంటు నూటికి ఆరేడు దాకా తగ్గుతుంది. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు తిరిగితే ఒక్క ఫ్యాను మీద 11 యూనిట్ల పైన మిగులుతుంది. అన్నీ ఒకేసారి మార్చకండి, కాలిపోయినదాన్ని బాగు చేయించే బదులు మార్చండి. లేత్ నుంచి రాలిన తునకల్లో ఇత్తడి, స్టీలు, ఇనుము కలిపి అమ్మితే పాత సామాను వాడు ఇనుము రేటే ఇస్తాడు, మూడు డబ్బాలు పెట్టుకోండి. తోలు మీద అచ్చు పెట్టి, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, అరచేయంత ముక్క కూడా వృథా కాకుండా కోసిన జాతి మనది. ఈ విద్య మనకు ఒకరు నేర్పవలసింది కాదు.

జాబ్‌వర్క్ చేసేవాళ్ల అసలు రోగం కరెంటు కూడా కాదు, బాకీ. పెద్ద ఫ్యాక్టరీకి లక్ష రూపాయల పని చేసి ఇస్తాం. పైసలు మూడు నెలలకు. ఈలోగా ముడిసరుకు కోసం మూడు రూపాయల మిత్తికి తెస్తాం. లక్షకు మూడు నెలలు 9,000. అంటే పెద్ద ఫ్యాక్టరీ నడవడానికి మనం అప్పు చేసి పెట్టుబడి పెడుతున్నామన్నమాట! 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఒప్పందం ఏదైనా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఇది పొందాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి, సరుకు ఇవ్వకముందే ఉండాలి, లేకుంటే పేచీ పెడతారు. ఆ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. ఏజెంట్లకు వెయ్యీ రెండువేలూ ఇచ్చినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు.

"కేసేస్తే రేపు పనెవడిస్తడు?" అంటారు. సబబైన భయమే. మేము కూడా ఒంటరిగా కేసు వేయమనడం లేదు. 2024 ఏప్రిల్ నుంచి లెక్కకొచ్చేట్టు ఆదాయపు పన్ను చట్టంలో ఒక మెలిక పెట్టారు. గడువులోగా చిన్న యూనిట్‌కు కట్టని బాకీని కొనుగోలుదారు ఆ ఏడు ఖర్చు కింద చూపించుకోలేడు. అందుకని ఫ్యాక్టరీ అకౌంటెంటే ఇప్పుడు ఉద్యమ్ నంబరు అడుగుతున్నాడు. బిల్లు మీద ఆ నంబరు, "45 రోజుల్లో చెల్లింపు" అన్న మాట అచ్చు వేయించండి. ఒక్కడు వేస్తే తల తిరిగినోడంటారు, ఒక వీధిలో ఆరు షెడ్లవాళ్లు వేస్తే అది వీధి పద్ధతి అవుతుంది.

టిఫిన్ బండ్ల సంగతి. పప్పు నానబెట్టి ఉడకబెట్టడం, గిన్నె మీద మూత, పొయ్యికి గాలి తగలకుండా మూడు పక్కలా రేకు, ఇవి మన అక్కలకు మేము చెప్పేవా! మంట నీలిరంగు పోయి పసుపుగా వస్తే మాత్రం బర్నరు శుభ్రం చేయించండి, గ్యాసు మండకుండా మసి అవుతోందన్నమాట. ఇంటి బండ బండి మీద వాడితే పట్టుకుంటారు, పట్టుకున్నవాడికి ఇచ్చే మామూలుతో మిగిలింది పోతుంది. 2023లో ఉప్పల్ చౌరస్తాలో ఆకాశ వంతెన కట్టాక, మెట్రో దిగిన జనం మన బండ్ల నెత్తి మీదుగా నడిచిపోతున్నారు. నారపల్లి దాకా 2018లో మొదలుపెట్టిన ఫ్లైఓవర్ పని ఏళ్లకేళ్లు సాగి, ఆ దుమ్ములో వరంగల్ రోడ్డు దుకాణాలు ఎంత గిరాకీ పోగొట్టుకున్నాయో మీకు తెలుసు. గిరాకీ మన చేతిలో లేనప్పుడు కొనుబడి అయినా చేతిలో ఉండాలి. గల్లీ కిరాణాలో ఉద్దెర తెచ్చే నూనె, రవ్వ రేటు వేరు, బేగంబజార్‌లో నగదు రేటు వేరు. నలుగురు బండ్లవాళ్లు కలిసి వారానికోసారి ఒక ట్రాలీ ఆటోలో తెచ్చుకుంటే కిరాయి నాలుగు భాగాలవుతుంది. మొదటి నెల కొట్లాటలైనయ్, దాచడం ఎందుకు. ఎవరి రవ్వ బస్తా తడిసింది, ఎవరు పైసలు లేటిచ్చారు అని. లెక్క రాసే పని ఒక చదువుకున్న చెల్లెలికి అప్పజెప్పాక సర్దుకున్నది.

రాయలేని ఖర్చు ఒకటుంది. రామంతాపూర్ వైపు ఒక అక్క టిఫిన్ సెంటరుకు మడిగె అడిగింది. అడ్వాన్సు ఒప్పుకున్నాక ఓనరమ్మ "మీరేమోళ్లు?" అన్నది. అక్క అబద్ధం చెప్పలేదు. మడిగె ఇంకొకరికి ఇచ్చాం అని కబురొచ్చింది. చివరికి లోపలి గల్లీలో, గిరాకీ తక్కువున్న చోట, రెండు నెలల అడ్వాన్సు ఎక్కువ పోసి తీసుకున్నది. ఇప్పటికీ అంబేద్కర్ ఫొటో లోపల వంటగదిలో పెట్టింది, గల్లా దగ్గర కాదు. ఆ ఫొటో బయటికి రావడానికి ఏ ఖర్చుల పుస్తకంలోనూ ఉపాయం లేదు, అది ఈ సంఘం చేయవలసిన పని. అప్పటిదాకా కనీసం కిరాయి ఒప్పందం కాగితం మీద రాయించుకోండి, అడ్వాన్సుకు రసీదు తీసుకోండి. నోటిమాట మీద ఉంటే గిరాకీ పెరిగిన నెలలోనే కిరాయీ పెరుగుతుంది.

సర్కారు సంగతులు తొందరగా చెప్పేస్తాం. 2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర సంస్థలు మొత్తం కొనేదాంట్లో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న యూనిట్ల నుంచి కొనాలి అన్నారు. కాగితం మీది ఆ 4 శాతానికీ నిజంగా కొన్నదానికీ పొంతన లేదు. అయినా ఆ విధానంలోనే టెండరు ఫారం ఉచితం, ధరావతు మినహాయింపు ఉన్నయ్. పక్కనే ఈసీఐఎల్ ఉంది, ఎన్‌ఎఫ్‌సీ ఉంది. కుషాయిగూడలో ఎన్‌ఎస్‌ఐసీ ఆఫీసుకు పోయి అడగండి. తెలంగాణ 2014లో టీ-ప్రైడ్ అని దళిత పారిశ్రామికులకు కరెంటు మీద, పెట్టుబడి మీద రాయితీలు ప్రకటించింది. మీకు ఏది వర్తిస్తుందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. 2021లో దళితబంధు 10 లక్షలతో బండ్లు కొన్న ఊళ్ల తమ్ముళ్లారా, మీరు కూడా నోటుబుక్కు మొదలుపెట్టండి. డీజిలు ఒక్కటే రాస్తే చాలదు. టైరు, ఇన్సూరెన్సు, ఖాళీగా తిరిగొచ్చిన ట్రిప్పు కూడా రాయండి.

ఇప్పుడు మీరు మాట్లాడాలి. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఇక్కడే కూర్చుంటాం. ఒక్కొక్కరు కిందటి మూడు నెలల కరెంటు బిల్లులు, గిరిగిరి కార్డు, రాకుండా ఉన్న బాకీ బిల్లులు తీసుకురండి. కేటగిరీ మార్పు దరఖాస్తులు రాయడానికి నలుగురు పిల్లలు కార్బన్ కాగితాలతో కూర్చుంటారు. చెప్పులు కుట్టేవాళ్లు, అప్పడాలు చేసేవాళ్లు ముందు వరసలో కూర్చోవాలె. జై భీమ్.